రెండో అంతస్తులో మహానగరం

ప్రపంచంలోకెల్లా చక్కగా నడుస్తున్న నగరం ఒక పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. చూడాలంటే కిటికీ మూసి, ప్లానింగ్ ఆఫీసరుగారి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. (కిటికీ తెరిస్తే కనిపించేది వేరే నగరం. దాని బాధ్యత కూడా ఆయనదే. కానీ మనిషన్నవాడు అన్నిచోట్లా ఒకేలా శ్రద్ధ పెట్టలేడు కదా.)

ఆ చక్కటి నగరం ఒక పాత కంప్యూటర్ ఆటలో ఉంది. ఖాళీ నేల మీద రోడ్లు గీయాలి, కరెంటు లాగాలి, పైపులు వేయాలి. జనం వాళ్లంతట వాళ్లే వచ్చి ఇళ్లు కట్టుకుంటారు. ఎక్కడైనా లోటు జరిగితే ఆ ఇంటి నెత్తిన ఎర్రబొమ్మ వెలుగుతుంది. ఎర్రబొమ్మ కనబడితే ఆఫీసరుగారికి ముద్ద దిగదు. తూర్పు వీధిలో మురుగు నిలిచిందని తెలిసిన రోజున, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కొత్త కాలువ తవ్వించి గానీ కుర్చీలోంచి లేవలేదు.

ఆయన సొంత అక్క దర్జీ దుకాణం ఆఫీసు వెనక వీధిలోనే ఉంది. అక్కడ కాలువ పూడిపోయి, వాన పడితే నీళ్లు తిన్నగా దుకాణంలోకి వచ్చేవి. ఆమె కుట్టుమిషన్‌ని ఇటుకల మీదికెక్కించింది. తర్వాత స్టూలునీ ఎక్కించింది. తన తల పైకప్పుకి తగిలేలోగా ఏదైనా చెయ్యమని తమ్ముణ్ణి అడిగింది.

"ఫిర్యాదు పెట్టావా అక్కా?"

"నీకు చెబుతున్నాగా, ఇంకా ఫిర్యాదేంట్రా?"

"ఇంట్లో చెబితే అది మాట. ఆఫీసులో పెడితే ఫిర్యాదు. మాటమీద కాలువ తవ్వితే రేపు ఆడిట్‌వాళ్లు నన్ను తవ్వుతారు."

ఆమె పెట్టింది. ఫిర్యాదు స్వీకరించబడింది. (స్వీకరించడంలో ఆ ఆఫీసు ఎవరికీ తీసిపోదు.)

ఒక మధ్యాహ్నం కమిషనర్‌గారు చెప్పాపెట్టకుండా గదిలోకి వచ్చారు. ఆఫీసరుగారికి ఆట ఆపే వ్యవధి దొరకలేదు. కమిషనర్‌గారు వంగి తెరలోకి చూశారు.

"ఎక్కడిదయ్యా ఈ ఊరు? ఆ పార్కులేంటి, ఆ ఫౌంటెన్లేంటి!"

"అది... ఆట సార్."

"ప్రజల సంతృప్తి తొంభై నాలుగు శాతమా! మన ఊళ్లో ఎంత?"

"మనది కొలవలేదు సార్."

"మంచిపని చేశావు. ఇకనుంచి దీన్నే కొలుద్దాం."

మర్నాటికల్లా శాఖలన్నీ ఆ నగరానికి తరలిపోయాయి. కరెంటు ఇంజనీరు అందులో స్తంభాలు నాటాడు. ఆరోగ్యశాఖ ఆస్పత్రి కట్టింది. ఓరోజు అందులో అగ్నిప్రమాదం జరిగితే అత్యవసర సమావేశం పెట్టి, కాలిపోయిన బొమ్మ ఇళ్ల కోసం అందరూ లేచి మౌనం పాటించారు. కింద కౌంటర్ల దగ్గర 'సిబ్బంది నగరాభివృద్ధి పనుల్లో ఉన్నారు' అని బోర్డు పెట్టారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆ వారమే పెద్దవాన పడింది. అక్క ఒక తడిసిన మూటతో మెట్లెక్కి వచ్చి, తమ్ముడి బల్ల మీద పడేసింది. బడిపిల్లల యూనిఫారాలు. నల్లటి బురదనీళ్లు కీబోర్డు వైపు పాకాయి. ఆఫీసరుగారు సమయానికి కీబోర్డుని కాపాడారు.

"కళ్లు పోయేట్టు కుట్టానురా. ఒక్కటీ పనికిరాదు," అంది. అప్పుడే ఆమె చూపు తెరమీద పడింది. "ఈ ఊళ్లో కాలవలు పొంగవా?"

"పొంగనిస్తానా! పొంగితే జనం మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోతారక్కా. జనాభా పడిపోతుంది. కమిషనర్‌గారి ముందు నా పరువేం కాను?"

"మరి మా వీధి?"

ఆఫీసరుగారు జాలిగా నవ్వారు. "మీరెక్కడికి పోతారక్కా?"

ఆమె మూట ఎత్తుకుని దిగిపోయింది. నెల తిరక్కుండా మిషన్ని బండికెక్కించి వేరే ఊరు వెళ్లిపోయింది. తమ్ముడికి చెప్పలేదు. చొక్కా గుండీ ఊడితే కుట్టించుకుందామని ఆయన అటు వెళ్లేసరికి తలుపుకి తాళం, గుమ్మం దాకా నీళ్లు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఆ నీళ్లలోకి దిగి, తాళం ఓసారి లాగి చూశారు.

తర్వాత తడిబూట్లతోనే ఆఫీసుకొచ్చి, అక్క ఫిర్యాదు వెతికి తీసి, కింద గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఫిర్యాదుదారు ప్రస్తుతం సదరు వీధిలో నివసించుట లేదు. సమస్య పరిష్కరించబడినది."