బేసిన్ కింద సాలీడు

ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నం బావమరిది దిగేలోపు సామాన్ల గది దులిపి మంచం వేయడం. చీపురు పట్టుకుని తలుపు తీశారో లేదో, ఎదురుగోడ మీద అరచెయ్యంత గోధుమరంగు సాలీడు కాళ్లు బారజాపుకుని కనిపించింది.

కొన్నాళ్లుగా ఆయన ఫోనులో విషపు సాలీళ్ల గురించి తెగ చదువుతున్నారు. చదివినకొద్దీ ధైర్యం రావాల్సింది పోయి భయం పెరిగింది. సాలీడు నేలకు దిగగానే బేసిన్ బోర్లించి, పైన ఇస్త్రీపెట్టె బరువుంచి, తలుపు మూసి, లోపల విషప్పురుగుంది, ఎవరూ వెళ్లొద్దని భార్యకు చెప్పారు.

భార్య ఆ మాట పక్కింటావిడ చెవిన వేసింది. ఆవిడ పైవాటాకు చేరవేసేసరికి పురుగు కాస్తా పామైంది, మెట్లెక్కేలోపు దానికి పడగ కూడా వచ్చింది. పైవాటా వాళ్లు పిల్లల్నీ పరుపుల్నీ మోసుకుని పెరట్లోకి దిగారు. పాములు పట్టేవాడికి ఫోన్ వెళ్లింది.

అది వట్టి సాలీడేనని ఒప్పుకుంటే పరువు పోతుంది. అందుకని పాముకన్నా సాలీడే ప్రమాదమని నిరూపించడానికి మాస్టారు నడుం కట్టారు. పెరట్లో కట్టెల పక్కన ఏళ్ల తరబడి పడి ఉన్న కుర్చీలో కూలబడి పాఠం ఎత్తుకున్నారు. అసలైన విషపుది నల్లగా నిగనిగలాడుతుందట, పొట్ట కింద ఎర్రమచ్చ ఉంటుందట. కదపని సామాను కిందే దాని కాపురం. బూట్లు దులపకుండా తొడగకూడదు, చీకటి సందుల్లో చెయ్యి పెట్టకూడదు, కుడితే సబ్బుతో కడిగి నేరుగా ఆసుపత్రికి పోవాలి.

ఈలోగా అత్తగారు కళ్లజోడు కోసం ఆ గదిలోకే వెళ్లి, బేసిన్ ఎత్తి చూసి, తీరిగ్గా బయటికొచ్చారు.

"అది మామూలు ఇంటి సాలీడే అల్లుడుగారూ. బొద్దింకల్ని తింటుంది. వదిలేశాను."

పెరడంతా నవ్వింది. మాస్టారు కుర్చీలోనే ఇంకాస్త ముడుచుకున్నారు. భార్య ఒక్కతే నవ్వలేదు, తల వంచి కుర్చీ కిందికి చూస్తోంది.

"ఏవండీ, నల్లగా నిగనిగలాడుతుందన్నారు కదూ?"

"అవును."

"పొట్ట కింద ఎర్రమచ్చ?"

"అదేగా ఇందాకట్నుంచీ చెప్తున్నా."

"అయితే మెల్లగా లేవండి. చేతులు కిందికి పెట్టకండి."

ఆయన మెల్లగా లేవలేదు. పాములవాడు వచ్చేసరికి భార్య చేతులకు గ్లవుజులు తొడుక్కుని, కర్రతో కుర్చీ తిరగేసి, సాలీడు మీద సీసా బోర్లించి, కింద అట్టముక్క జొనిపి బిగించేసింది. అతను సీసాలోకి తొంగి చూసి, ఇది కుట్టి ఉంటే ఆసుపత్రే గతి అని, ఆనవాళ్లు విని గుర్తుపట్టానని ఆవిడ చెప్పగా, ఇంత బాగా చెప్పిన మనిషెవరని అడిగాడు.

అందరూ ప్రహరీగోడ వైపు చూపించారు. ఆ పాఠం తనదేనని మాస్టారి గొంతు వెంటనే గోడ దాటి వచ్చింది, మనిషి మాత్రం రాలేదు.