బీడులో తొడ ఎముక

ఆ ఉదయం లోవెల్ సాండ్విక్ అనుకున్న పని చిన్నదే. తవ్విన తొడ ఎముకకు విరగకుండా ప్లాస్టర్ కట్టి, పికప్ ట్రక్కు ఎక్కించి, మధ్యాహ్న భోజనానికి మైల్స్ సిటీ చేరాలి. మోంటానా కొండల్లో ఎముకలు తవ్వుతూ సగం జీవితం గడిపిన మనిషి. మట్టిలోంచి కనిపించిన కొస చూసి, అది ఆకులు మేసే బాతుమూతి డైనోసార్‌దని ముందురోజే తేల్చేశాడు.

లోవెల్‌తో పాటు మ్యూజియంలో పనిచేసే మరీసా టఫోయాకు మాత్రం అనుమానం తీరలేదు.

"సార్, నాకైతే ఇది మాంసం తినేదాని తొడలా ఉంది. ఇంకాస్త శుభ్రం చేసి చూద్దామా?"

"నీకు ప్రతి ఎముకా టైరనోసారే. ముందు ప్లాస్టర్ కలుపు."

ఆ తొందరలో లోవెల్ గేటు వేయడం మరిచాడు. బీడు యజమానురాలు వెర్నా హాగెన్ వాళ్లకు పెట్టిన షరతు అదొక్కటే. కట్టు పూర్తవుతుండగా ఆవులు చుట్టుముట్టాయి. వాటిని అదిలిస్తూ వెనక్కి నడిచిన లోవెల్ ప్లాస్టర్ బకెట్‌లో కాలు పెట్టాడు. మరీసా మందను తోలి వచ్చేసరికి ప్లాస్టర్ బిగుసుకుపోయింది.

"బూటు విప్పి కాలు లాగేయండి సార్."

"కొత్త బూటు. ఇంటికెళ్లి చూసుకుంటాలే."

ఎలాగో చెక్కల మీదుగా ఎముకను పికప్‌లోకి దొర్లించారు. నడుపుతానని లోవెలే పట్టుబట్టాడు. బకెట్ కాలు బ్రేకునూ యాక్సిలరేటరునూ కలిపి తొక్కింది. వెనక చక్రం గోతిలో దిగబడింది.

రోడ్డు మీద తన ఆవులను చూసిన వెర్నా ట్రాక్టరేసుకుని వచ్చింది.

"గేటు తెరిచిన మహానుభావుడు ఎవరు?"

మరీసా ఆకాశం చూసింది. లోవెల్ బకెట్ చూసుకున్నాడు. వెర్నా ఇంకేమీ అడగకుండా గొలుసు తగిలించి లాగింది. పికప్ ఒక్క గెంతున బయటపడింది. ఎముక మాత్రం వెనకనుంచి జారి, వాగులోకి దొర్లి, రెండు ముక్కలైంది.



"నా ట్రాక్టరు వల్లేనా?" అంది వెర్నా మెల్లగా.

మరీసా వాగులోకి దిగింది. విరిగిన చోట ఎముక గోడ దళసరిగా ఉంది. మధ్యలో పెద్ద బోలు, దాన్నిండా గట్టిపడిన ఇసుక.

"సార్, ఇలా రండి. లోపలంతా బోలే. ఆకులు మేసేవాటికి ఇంత బోలుండదు. ఇది వేటాడే జంతువుది."

లోవెల్ బకెట్ ఈడ్చుకుంటూ దిగి, చాలాసేపు చూసి, అక్కడే కూలబడ్డాడు. ఇన్నేళ్లలో అతని చేతికి దొరికిన మొదటి టైరనోసార్ తొడ అది.

ఆ ఎముకను అడ్డంగా ఛేదించి, లోపలి నిర్మాణాన్ని పరిశీలించిన మీదటే నిర్ధారణకు వచ్చామని లోవెల్ మ్యూజియంకు తెలియజేశాడు.