మాస్టారి బండికి ఛార్జి లేదు

బండి కదలకపోవడానికి ఈ లోకంలో కారణాలు రెండే. ఒకటి బ్యాటరీ, రెండోది తోడల్లుడు. మొదటిదాని మీద పుస్తకాలు బోలెడు వచ్చాయి. రెండోదాని మీద రాసే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. పుస్తకాలు రాసేవాళ్లకీ పెళ్లిళ్లవుతాయి కదా.

డ్రైవింగ్ మాస్టారి తోడల్లుణ్ణి ఇంటా బయటా 'సర్క్యులర్' అంటారు. (అసలు పేరు అతని శుభలేఖలో ఉండేది. ఆ శుభలేఖను ఎవరూ దాచుకోలేదు.) వాహన విద్యుత్ నిర్ధారణ కేంద్రంలో అతనికి ఉద్యోగం. డ్రైవింగ్ స్కూలు బండికి కరెంటు జబ్బు చేస్తే ఆ కేంద్రంలోనే చూపించాలనీ, బయటి మెకానిక్కు గానీ, సొంతదారు గానీ బానెట్ కింద చెయ్యి పెడితే స్కూలు పర్మిట్ రద్దనీ ఉత్తర్వు వేయించిన ఘనుడు అతనే. మెకానిక్కు బానెట్ మీద మోచెయ్యి ఆనించి కబుర్లు చెప్పినా అది 'ప్రథమ చికిత్స' కిందికే వస్తుంది.

మాస్టారికి ఉన్నది ఒక్కటే బండి. ఆ బండే స్కూలు. ఏడో తరగతిలో చదువు మానేసిన మనిషిని నలుగురూ 'మాస్టారూ' అని పిలుస్తున్నారంటే అది ఆ బండి పెట్టిన భిక్ష. అలాంటి బండి సోమవారం పొద్దున తాళం తిప్పితే 'టిక్' అంది. మళ్లీ తిప్పితే ఆ మాత్రం మర్యాద కూడా చూపలేదు. శుక్రవారం ముగ్గురు శిష్యులకు లైసెన్సు పరీక్ష. ఈ బండిలో హాజరు కాకపోతే వాళ్లు వేరే స్కూలు చూసుకుంటారు. అప్పుడాయన మాస్టారు కాడు, ఉత్త మనిషి.

"మా చెల్లెలి మొగుడితో ఓ మాట అనరాదూ?" అంది భార్య.

"వాడితో మాట్లాడ్డం కంటే తోసుకుంటూ పోవడం నయం," అన్నాడు.

తోసుకుంటూనే పోయారు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే శిష్యులు వెనక నుంచి తోశారు. (దీన్ని ఆ రోజు పాఠం కింద జమకట్టారు.) శిష్యుల్లో పెద్దావిడ, ఆస్పత్రిలో రిటైరైన నర్సమ్మగారు, రోడ్డు మలుపులో రొప్పుతూ అడిగింది.

"మాస్టారూ, ఇది ఎన్నో గేరు?"

"నడుం గేరు నర్సమ్మగారూ. వదిలెయ్యకండి, ముందు ఎత్తుంది."

నిర్ధారణ కేంద్రంలో ఎదురెదురుగా రెండు హాళ్లు. ఎడమవైపు బ్యాటరీ విభాగం. ఇక్కడ ఇంజను ఆగి ఉంటేనే చూస్తారు. కుడివైపు ఆల్టర్నేటర్ విభాగం. అక్కడ ఇంజను నడుస్తుంటేనే చూస్తారు. మధ్యలో వరండా. మాస్టారి బండికి ఆ వారం చాలావరకూ ఆ వరండాలోనే గడిచింది.

బ్యాటరీ అధికారి ఎర్ర తీగ ఒకవైపు, నల్ల తీగ ఒకవైపు ఆనించి మీటరు చూశాడు. "పన్నెండున్నర వోల్టులుండాలి. మీకు తొమ్మిది దాటలేదు."

"అంటే బ్యాటరీ పోయినట్టేనా అండీ?"

"పోవడమేంటయ్యా, బంగారం లాంటి బ్యాటరీని పట్టుకుని! దానికి ఎవరూ ఛార్జి ఇవ్వట్లేదు. అన్నం పెట్టకపోతే నీరసపడ్డవాడి తప్పా? పెట్టాల్సినవాణ్ణి అడుగు. ఎదురు హాలు."

ఎదురు హాల్లో ఆల్టర్నేటర్ మేడమ్ తల ఎత్తలేదు. "ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీకి ఛార్జి ఇచ్చేది ఆల్టర్నేటర్. పద్నాలుగు వోల్టుల దాకా ఇస్తోందో లేదో చూస్తాం. స్టార్ట్ చేసి తీసుకురండి."

"స్టార్ట్ అయితే ఇక్కడికెందుకొస్తానమ్మా?"

"వచ్చినవాళ్లందరూ ఇదే మాట. కొత్తగా ఏమన్నా చెప్పండి."

ఆవిడ వెనక గోడమీద పెద్దక్షరాల్లో రాసి ఉంది: 'నడవని బండ్లను నడుపుకొని రావలెను.'

నర్సమ్మగారు వరండాలో ఉన్న ఓ వ్యాను డ్రైవరును బతిమాలి, వ్యాను బ్యాటరీ నుంచి మాస్టారి బ్యాటరీకి కేబుళ్లు తగిలింపజేసింది. బండి ఒళ్లు విరుచుకుని లేచింది. మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడమ్ బయటికొచ్చి కేబుళ్ల వంక ఎంగిలి గ్లాసు వంక చూసినట్టు చూసింది.

"ఇది అరువు కరెంటు. దీనిమీద నడిచే ఇంజన్ను మేం నడిచినట్టు లెక్కలోకి తీసుకోం. తీసెయ్యండి."

తీసేశారు. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చింది.

"చూశారా అమ్మా! ఆల్టర్నేటర్ పైసా కరెంటు ఇవ్వట్లేదనడానికి ఇంకేం రుజువు కావాలి?" అన్నాడు మాస్టారు.

"ఆగిన ఇంజను మా పరిధి కాదు," అంది మేడమ్.

బ్యాటరీ అధికారి తన గుమ్మంలోంచే అరిచాడు. "ఆగేముందు నడిచింది కదమ్మా! మీ పరిధే!"

ఇంజను ఆగుతూ ఉన్న ఆ క్షణం ఎవరి పరిధిలోకి వస్తుందన్న విషయమై ఉభయ విభాగాలూ సంయుక్త సమావేశం జరిపాయి. టీ వచ్చింది. సమావేశం ఫలప్రదంగా ముగిసిందని బయటికొచ్చిన ఖాళీ కప్పులను బట్టి తెలిసింది.

ఈలోగా నర్సమ్మగారు తెరిచిన బానెట్లోకి తొంగి చూసింది. "మాస్టారూ, ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు ఇదే కదూ? బిగి సడలి ఊయలలా వేలాడుతోంది. ఇది తిప్పకపోతే అదేం ఇస్తుంది?"

అధికారులిద్దరూ వచ్చి బెల్టును చూశారు. జబ్బు అదేనని ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరూ చెరోవైపూ తల తిప్పుకున్నారు.

"బెల్టు రబ్బరు వస్తువండీ," అన్నాడు బ్యాటరీ అధికారి బాధగా. "మాది విద్యుత్తు."

ఒక నట్టు బిగిస్తే అయిపోయే పని. మాస్టారి చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్లింది. మేడమ్ గొంతు సవరించుకుంది. చెయ్యి వెనక్కొచ్చి జేబులో పడుకుంది.

బుధవారం ఫిర్యాదుల కిటికీ దగ్గర గుమాస్తా అంతా ఓపిగ్గా విని, ఒక్క ముక్కలో రాసి మేడమీదికి పంపాడు: 'బండికి ఛార్జి లేదు.'

మేడమీద పరిపాలన విభాగం. అక్కడెవరూ బ్యాటరీని కళ్లతో చూసినవాళ్లు కారు. వాళ్లకు ఛార్జి అంటే ఒక్కటే అర్థం: బదిలీ అయినవాడు అప్పగించేది, వచ్చినవాడు పుచ్చుకునేది. బండికి ఛార్జి లేదంటే బండి పోస్టు ఖాళీగా ఉందన్నమాట. ఒక పోస్టు సోమవారం నుంచి ఖాళీగా ఉండటం ఆ విభాగాన్ని కలచివేసింది. గురువారం పొద్దున్నే ఉత్తర్వు దిగింది. సదరు బండికి ఇన్‌ఛార్జిగా నియమితుడైనవాడు ఇస్త్రీ చొక్కాలో వరండాలోకి వచ్చాడు.

"అన్నయ్యా, ఒక్క మాట నాతో చెప్పకూడదటయ్యా?" అన్నాడు సర్క్యులర్. "ఇంట్లో మనిషిని, నేను చూసుకోనూ? తాళాలిటివ్వు."

మాస్టారు ఇచ్చాడు. సర్క్యులర్ సంతకం పెట్టి, బానెట్ మీద అరచెయ్యి వేసి ప్రకటించాడు. "బండికి ఛార్జి తీసుకున్నాను."

గుమాస్తా ఫిర్యాదు మీద 'ఛార్జి వచ్చింది, పరిష్కారమైంది' అని రాసేశాడు.

"ఒరే, ఛార్జి అంటే కరెంటురా! కరెంటు!"

"కేకలొద్దన్నయ్యా, ఆఫీసు. ఇప్పుడిది అధికారి బండి. అధికారి బండికి విభాగాలుండవు."

నిజమే. అధికారి బండి అనగానే బెల్టు రబ్బరు వస్తువన్న సంగతి అందరూ మరిచిపోయారు. టీ చల్లారేలోపు బెల్టు బిగిసింది, కొత్త బ్యాటరీ కూర్చుంది. తాళం సగం తిప్పగానే ఇంజను అందుకుంది. మీటరు పద్నాలుగు దాటింది. మేడమూ బ్యాటరీ అధికారీ ఒకరినొకరు అభినందించుకున్నారు. మాస్టారు మూడు రోజుల కోపాన్నీ మింగేసి చెయ్యి చాచాడు.

"సరే తమ్ముడూ, మేలు చేశావు. తాళాలివ్వు, రేపు పిల్లల పరీక్ష." (ఆ పిల్లల్లో ఒకరు రిటైరైన నర్సమ్మగారు.)

"ఎలా ఇస్తాను?" సర్క్యులర్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఛార్జి తీసుకున్నవాడు బదిలీ అయితేనే అప్పగించాలి."

"ఎప్పుడవుతావు నాయనా బదిలీ?" అంది నర్సమ్మగారు.

"నా బదిలీల ఫైలు నేనే చూస్తానండీ. ఇప్పట్లో ఆ భయమేం లేదు."

శుక్రవారం ముగ్గురు శిష్యులూ వేరే స్కూలు బండిలో పరీక్షకు వెళ్లి ముగ్గురూ పాసయ్యారు. సాయంత్రం నర్సమ్మగారు బజార్లో ఎదురై, "ఏమండీ, బాగున్నారా?" అని పలకరించింది. మొన్నటిదాకా ఆవిడే 'మాస్టారూ' అనేది. ఆయన బాగున్నానన్నాడు.

సర్క్యులర్ ఇల్లు మూడో అంతస్తులో. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. అందువల్ల ఇన్‌ఛార్జి గారి సమీప బంధువు ఇంటి ముంగిట ఖాళీ జాగాను కేంద్రం స్వాధీనం చేసుకుని, చుట్టూ పసుపు గీత గీసి బోర్డు పెట్టింది. ఆ సమీప బంధువు మాస్టారే.

"పోనీలెండి," అంది భార్య, కిటికీలోంచి చూస్తూ. "కళ్లముందే ఉంది."

మాస్టారికి పోయిన జాగా ఎనిమిదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు, వెరసి నూట ఇరవై ఎనిమిది చదరపు అడుగులు. బండి పోయినట్టు మాత్రం ఏ ఆఫీసూ ఒప్పుకోదు, రోజూ సాయంత్రానికి అది ఆయన ఇంటిముందే ఉంటోంది కాబట్టి.