ఆమోదం పొందిన లోపాలు

వాల్డూరా మహిళలు ఇకపై తమ లోపాలను నిర్భయంగా బయటపెట్టుకోవచ్చునని ప్రాంతీయాభివృద్ధి మండలి అనుమతి మంజూరు చేసింది. ఆస్ట్రేలియాలో గోధుమ చేల నడుమ ఉన్న ఆ చిన్న పట్టణానికి అంతవరకు అలాంటి సౌకర్యం లేదు. ‘అసంపూర్ణ నాయకత్వం’లో శిక్షణ ఇవ్వడానికి మెల్‌బోర్న్ నుంచి కార్డీలియా అనే నిపుణురాలు విచ్చేశారు. తీరిక లేని ఆడవాళ్ల కోసమే కనుక శిక్షణను డిసెంబరులో, అంటే అక్కడి నడివేసవిలో, కోతల వారంలో, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు పెట్టారు.

రేలీన్ పదింటికి వచ్చింది. బడి బస్సు నడిపి, గొర్రెలకు నీళ్లు పెట్టాక, హాలు తాళంచెవి తన దగ్గరే ఉందని గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చింది. అప్పటిదాకా నాయకత్వమంతా ఎండలో నిలబడి ఉంది. ఊరి అగ్నిమాపక దళంలో రేడియో దగ్గర కూర్చునేదీ ఆమే. పదకొండేళ్లుగా, జీతం లేకుండా.

“పరిపూర్ణత ఒక సంకెల,” అని కార్డీలియా ప్రవచించారు. “మీ తప్పును మీరే సగర్వంగా చెప్పండి. అప్పుడే మీరు అసలైన నాయకురాలు.”

మందుల దుకాణం జెనీవీవ్ మొదట లేచింది. తాను మరీ ఎక్కువ కష్టపడతానని, అందరి గురించీ ఆలోచిస్తూ తనను తాను మరచిపోతానని ఒప్పుకుంది. కన్నీటి బొట్లు రెండు, సరిగ్గా అవసరమైనన్నే, రాల్చింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మరొకామె తన లోపం మితిమీరిన ఓర్పని వెల్లడించింది. తర్వాతివన్నీ ఇంతటి ఘోరాలే.

రేలీన్ వంతు వచ్చింది. చెప్పమన్నారు కదా అని చెప్పింది.

“పోయిన జనవరిలో గడ్డి అంటుకున్నప్పుడు నీళ్ల ట్యాంకర్‌ని తూర్పు రోడ్డుకి పంపాల్సింది, పడమటి రోడ్డని చెప్పాను. రెండ్రోజులుగా నిద్రలేదు, నోటికొచ్చింది అనేశాను. నాలుగు నిమిషాల్లో సరిదిద్దాను గానీ, మెర్ల్ వాళ్ల గడ్డి కొట్టం అప్పటికే పోయింది. ఇప్పుడు డ్రైవర్ చేత రోడ్డు పేరు రెండుసార్లు చెప్పించుకుంటున్నా.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కార్డీలియా కాగితాలు తిరగేశారు. ఆమోదం పొందిన లోపాల పట్టికలో ఈ రకం లేదు.

వెనక వరసలో డెబ్బై ఏళ్ల మెర్ల్ లేచింది. “ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి చెప్పిందమ్మా ఆ మాట. కాలింది నా కొట్టం. నాకు లేని బాధ మీకెందుకు?” అంది.

మెర్ల్ భావోద్వేగాన్ని మనసారా గౌరవిస్తూ టీ విరామం ప్రకటించారు.

వారం తిరక్కుండానే దళం సంఘం సమావేశమైంది. రేలీన్ ధైర్యాన్ని వేనోళ్ల కొనియాడుతూ ఒక తీర్మానం, ఆమెను రేడియో నుంచి తప్పిస్తూ మరొకటి, రెండూ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ బాధ్యత జెనీవీవ్‌కు దక్కింది. ఆమె రేడియో ఎన్నడూ ముట్టుకోలేదు కనుక ఆమె చరిత్రలో మచ్చ లేదు.

రేలీన్ సమావేశం నుంచి బయటికొచ్చి, ఖాళీ బస్సెక్కి, స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదా అని తనను తాను అడిగింది. బాగుండేదనే జవాబు వచ్చింది. కొట్టం కాలిన నాడు కూడా ఆమెకు అంత సిగ్గు వేయలేదు.

ఫిబ్రవరిలో మళ్లీ మంట లేచింది. జెనీవీవ్ ట్యాంకర్‌ను వంతెన కూలిన దారిలో పంపింది. మూడు పొలాలు బూడిదయ్యాయి. విచారణలో తప్పు గాలిదని తేలింది. ట్యాంకర్ మీద ఉన్నవాళ్లకు సంగతి తెలుసు. కానీ రేలీన్‌కు ఏం జరిగిందో కూడా వాళ్లకు తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. రేలీన్ కూడా.

ఆనాటి నుంచి వాల్డూరాలో ఒక్క తప్పూ నమోదు కాలేదు. మండలి దీన్ని శిక్షణ సాధించిన ఘనవిజయంగా ప్రకటించింది. నవ్వకండి. గాలి మన ఊళ్లోనూ వీస్తుంది.