అస్సలు తన్నని తుపాకీ

ఆ శనివారం పొద్దున నార్బర్ట్ జీల్కె వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు ట్రూడీని ఊళ్ళోకి తీసుకెళ్ళి, ఆ పిల్ల మోయగలిగే తేలికపాటి రైఫిల్ ఒకటి కొని, కంకర గోతి దగ్గర నాలుగు తూటాలు పేల్చి గురి సరిచూసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలి. అమెరికాలో, ఉత్తర విస్కాన్సిన్‌లో అక్టోబర్ చివరికొచ్చేసరికి తండ్రులంతా వేసుకునే పథకమే అది.

ట్రూడీకి పన్నెండేళ్ళు నిండాయి. మనిషి వెదురు పుల్లలా ఉంటుంది. ఏటా నవంబర్‌లో నాన్న, తాత, బాబాయ్ నారింజ రంగు కోట్లు తొడుక్కుని అడవిలోని వేట గుడిసెకి బయల్దేరుతుంటే, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడమే ఇంతకాలం ఆ పిల్ల పని. ఈ ఏడు తనూ ట్రక్కు ఎక్కాలి. ఆ పిల్లకి ఇంక వేరే కోరికేమీ లేదు.

"నా పాత తుపాకీ బీరువాలో ఉందిగా," అంది తల్లి కార్లీన్, అట్లు తిరగేస్తూ. "చిన్న తూటా. మెత్తగా పేలుతుంది. నా మొదటి జింకని దాంతోనే కొట్టాను."

"అది బరువు కార్లీన్. పిల్ల చేతులు పడిపోతాయి."

"దూడల్ని ఈడ్చుకొచ్చే పిల్లకి అది బరువా? సరే, నీ ఇష్టం. ఒక్క మాట మాత్రం విను. పిల్లని జడిపించావో, ఈ ఏడు గుడిసె లేదు, గిడిసె లేదు."

ఊళ్ళో తుపాకుల కొట్టువాడు ఉన్నవాటిలో అన్నింటికన్నా తేలికైనది తీసి చూపించాడు. నార్బర్ట్ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి మురిసిపోయాడు. తను వాడే పెద్ద తూటాయే పట్టే రకం కావాలన్నాడు. ఇంట్లో అందరికీ ఒకే తూటాలైతే సులువట.

"పెద్ద తూటా, ఇంత తేలిక తుపాకీ..." అని కొట్టువాడేదో చెప్పబోయాడు.

"నాకు తెలుసులే," అన్నాడు నార్బర్ట్.

తెలియక కాదు. తుపాకీ తేలికయ్యేకొద్దీ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. ఈ సంగతి అక్కడ పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. కాని తుపాకీ తన్నిందని ఒప్పుకున్న మగవాడు మాత్రం ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

కంకర గోతి దగ్గర మొదటి తూటా నార్బర్టే పేల్చాడు. గాడిద వెనక కాళ్ళతో తన్నినట్టయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఏడుస్తున్నావా నాన్నా?"

"చలిగాలి తల్లీ."

అంతలో తమ్ముడు డ్వెయిన్, తండ్రి ఓటో, కాఫీ ఫ్లాస్కుతో దిగారు. "తన్నుతుందా?" అన్నాడు డ్వెయిన్.

"అబ్బే, అస్సలు తన్నదు. దోమ కుట్టినట్టుంటుంది."

డ్వెయిన్ పేల్చాడు. తుపాకీ మీద గురి చూసే స్కోప్ వెనక్కొచ్చి కనుబొమ్మ మీద గుద్దింది. రక్తం కారుతుంటే జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "భలే ఉందన్నయ్యా! వెన్నపూసే!" అన్నాడు. ఇద్దరు కొడుకులు అంత మెచ్చుకుంటుంటే ముసలాయన ఊరుకుంటాడా? పేల్చాడు. కట్టుడు పళ్ళు ఎగిరి రాళ్ళ మీద పడి రెండు ముక్కలయ్యాయి.

"బావుందిరా," అన్నాడు ఓటో, బోసినోటితో.

ట్రూడీ పళ్ళముక్కలు ఏరి తాత చేతిలో పెట్టింది. "ఇప్పుడు నా వంతేనా?"

ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా చూపులు కలుపుకున్నారు. గురి ఇంకా సరిగ్గా కుదరలేదన్నాడు నార్బర్ట్. "అమ్మతో ఏమీ అనకు. వింటే నిన్ను పంపదు," అని కూడా అన్నాడు. ట్రూడీ నోటికి తాళం వేసుకుంది.

మర్నాడు చర్చిలో ఆ ముగ్గుర్నీ ఊరంతా చూసింది. పెద్దోడి చెయ్యి లేవడం లేదు. చిన్నోడి కన్ను నల్లగా కమిలి మూసుకుపోయింది. తండ్రికి పళ్ళు లేవు. ఆరాధన అయ్యేలోపే జనం తీర్పు చెప్పేశారు: పొలం పంపకం దగ్గర జీల్కె అన్నదమ్ములు తన్నుకున్నారు, అడ్డం వచ్చిన ముసలాయనక్కూడా తగిలింది.

సోమవారం సాయంత్రం పాస్టర్ లండ్ గారు పెద్ద గిన్నెడు బంగాళదుంపల కూరతో దిగారు. ముగ్గురూ భోజనాల బల్ల దగ్గరే ఉన్నారు. ఆ ఊళ్ళో చావుకైనా, తగువుకైనా ముందు గుమ్మంలోకి వచ్చేది ఆ గిన్నే. "సోదరులు కలిసి ఉండాలి నాయనా. నిజం చెప్పండి. కొట్టుకున్నారా?"

కార్లీన్ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పాకలో జారిపడ్డానని భర్త, తలుపు తగిలిందని మరిది, ఆపిల్ కొరికానని మామగారు ఆవిడకి చెప్పి ఉన్నారు.

తుపాకీ తన్నిందనాలి. లేదా కొట్టుకున్నామనాలి. నార్బర్ట్ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"అవునండీ. కొట్టుకున్నాం."

"బాగా కొట్టుకున్నాం," అన్నాడు డ్వెయిన్.

"మామయ్యని కూడానా? సిగ్గు లేదూ మీకు!" కార్లీన్ గరిటెతో బల్లమీద ఒక్కటి కొట్టింది. "తుపాకులు పట్టుకుని ఒక్క గుడిసెలో పడుకుంటారా మీరు? నా కూతుర్ని మీ మధ్యకి చచ్చినా పంపను!"

ట్రూడీ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళి, కొత్త తుపాకీ తెచ్చి బల్లమీద పెట్టింది.

"వీళ్ళు కొట్టుకోలేదండీ. ఇది అస్సలు తన్నదట. రండి, పెరట్లో మట్టిదిబ్బ ఉంది. అమ్మ చూస్తుండగా నాన్న ఒక్కసారి పేల్చి చూపిస్తాడు."

నార్బర్ట్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "డ్వెయిన్ పేలుస్తాడు," అన్నాడు.

"నాన్న పెద్దవాడు, ముందు ఆయన," అన్నాడు డ్వెయిన్.

"పళ్ళెలాగూ పోయాయి, దవడ కూడా పోగొట్టుకోలేనర్రా!" అన్నాడు ఓటో. "గాడిదలా తన్నింది! చాలా?"

కార్లీన్ బీరువా తెరిచి తన పాత తుపాకీ తీసి కూతురి చేతిలో పెట్టింది. భుజానికి ఆనే దాని వెనక చెక్కని, ఆవిడ చిన్నప్పుడే, వాళ్ళ నాన్న ఆవిడకి సరిపడా కోసి ఉంచాడు. ట్రూడీకి అతికినట్టు సరిపోయింది. మర్నాడు కంకర గోతి దగ్గర పిల్ల పేల్చి, "ఇంతేనా?" అంది. కార్లీన్ గుడిసెకి తనూ వస్తానంది. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

వేట మొదలైన రోజుకి మగవాళ్ళ భుజాలు మానాయి గాని, జంకు మానలేదు. సొంత తుపాకులే పట్టుకున్నా మీట నొక్కేముందు ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నార్బర్ట్ ఒక భూర్జ చెట్టుని కొట్టాడు. డ్వెయిన్ దేన్ని కొట్టాడో ఇప్పటికీ తెలియదు. ఓటో కొత్త పళ్ళు ముందే తీసి జేబులో పెట్టుకున్నాడు, అయినా జింక నింపాదిగా నడిచి వెళ్ళింది. ట్రూడీ మాత్రం అమ్మ పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒక్క తూటాతో మగజింకని పడగొట్టింది. తర్వాత తుపాకీ పక్కన పెట్టి, అమ్మని కావలించుకుంది.

గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి గోడకి మేకుతో కొట్టడం ఆ గుడిసెలో ఆచారం. ఆ రాత్రి కత్తెర ట్రూడీదే. మూడు చొక్కాలూ ఓపిగ్గా కత్తిరించింది.

మరుసటి వారం ఊళ్ళో కిరాణా కొట్టు ప్రకటనల పలకమీద నార్బర్ట్ చేతిరాతతో ఒక కాగితం వెలిసింది: "తేలికపాటి రైఫిల్ అమ్మబడును. కొత్తది. అస్సలు తన్నదు."