దున్యా నెత్తిన పిహ్తియె

దేశాంకా మనవరాలు దున్యా తలకి జిగురు కాచి పూసుకుంటుందని పక్కింటి జోర్కా వీధి వీధంతా చాటిందట. అందులో అబద్ధమేమీ లేదు. దున్యాలా జంటగా నీళ్ళలో తలకిందులై కాళ్ళతో నాట్యం చేసేవాళ్ళకు వెంట్రుక కూడా చెదరకూడదు. అందుకని జిలాటిన్ కరిగించి కుంచెతో తలకు పూస్తారు. ఆరితే గాజులా బిగుస్తుంది; వేణ్ణీళ్ళు పోస్తేగాని వదలదు.

ఆ ఉదయం నోవీసాద్ పట్నంలో పోటీ. గెలిచిన జంటకే దేశపు జట్టులో చోటు. ఏటా ఓడిపోతున్న దున్యా, ఈసారీ ఓడితే ఈత మానేస్తానని ఇంట్లో మాటిచ్చింది. ఇంట్లోనేమో ఆ రోజే ఇంటి వేల్పు పండుగ. నాయనమ్మ దేశాంకా పంది కాళ్ళు ఉడకబెట్టి, వెల్లుల్లి దంచి వేసి, చల్లారితే జెల్లీలా గడ్డకట్టే పిహ్తియె పేరబెట్టడానికి ఆ రసం వడకట్టి సీసాలో పోసి కిటికీలో పెట్టింది. దాని పక్కనే దున్యా జిలాటిన్ సీసా. హడావుడిలో దున్యా నాయనమ్మ సీసా పట్టుకుపోయింది.

కొలను దగ్గర కోచ్ రాద్మిలాకు జలుబు, ఏ వాసనా తెలియదు. నీళ్ళు పోకుండా పిల్లలిద్దరి ముక్కులకూ అప్పటికే క్లిప్పులు. జిలాటినే అనుకుని ఆవిడ ఆ రసం వెచ్చచేసి ఇద్దరి తలలకూ దట్టంగా పట్టించింది. కాసేపటికి దున్యా జంట ఇవ్కా తుమ్మొచ్చి క్లిప్పు తీసింది.

"ఏమే, పొద్దున్నే వెల్లుల్లి మెక్కి వచ్చావా?"

"నేనెందుకు మెక్కుతానే? కంపు నీదే!" అంటూ దున్యా కూడా క్లిప్పు తీసి, ఇవ్కా నెత్తి వాసన చూసి గొల్లుమంది. "టీచర్! ఇది మా నాయనమ్మ పిహ్తియె!"

"ఇప్పుడు కడిగే టైమెక్కడిది? క్లిప్పులు బిగించి నవ్వండి!"

పేరు పిలిచారు. పిల్లలకంటే ముందు వాసన వెళ్ళింది. పొద్దుటినుంచి ఒట్టి కాఫీ మీదున్న న్యాయనిర్ణేతలు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. దున్యాకు సిగ్గు ముంచుకొచ్చింది. తల ఎంత తక్కువగా కనబడితే అంత మేలనుకుని నీళ్ళలో దాక్కుని, కాళ్ళను ఎన్నడూ లేనంతసేపు, ఎన్నడూ లేనంత తిన్నగా నిలబెట్టింది. ఇవ్కాదీ అదే సిగ్గు. ఇద్దరి సిగ్గూ ఒక్కటే కావడంతో నాలుగు కాళ్ళూ ఒక్క మనిషివే అన్నట్టు కదిలాయి. మొదటి స్థానం!

జిలాటిన్ సీసా చంకన పెట్టుకుని, ఏప్రన్‌తోనే బస్సెక్కి వచ్చిన నాయనమ్మకు చప్పట్లు వినిపించాయి, వెనకే గొడవ కూడా.

"తలకి కూర పూసుకొచ్చారు! రద్దు చెయ్యండి!" ఓడిన జంట కోచ్ వేస్నా చిందులు తొక్కుతోంది.

పెద్ద న్యాయనిర్ణేత నియమాలన్నీ తిరగేశాడు. "వెల్లుల్లి వద్దని ఎక్కడా లేదమ్మా. గెలుపు వాళ్ళదే."

"ఇది ఈత పోటీయా, వంటిల్లా?"

నాయనమ్మ వేస్నా జంటలో ఒక పిల్ల నెత్తి మీది జిగురును గోటితో గీరి నాలుక మీద వేసుకుంది. "మీరు పూసిందీ పంది ఎముకల జిగురే కదమ్మా. ఉప్పు లేక ఓడిపోయారు."