ఇంగ్లీషులో ఇచ్చిన వాంగ్మూలం

సూరత్ పక్కనున్న జోల్వాలో, కరోనా మొదటి సంవత్సరంలో, పదేళ్ల పిల్ల ఒకతె లాక్‌డౌన్ ఉల్లంఘించి మేనమామ ఇంటికి వెళ్లి, బిర్యానీ తిని, సముద్రం చూసి వచ్చిందని మరమగ్గాలు నడిపే తెలుగువాళ్ల సాంచాల కాలనీ కరోనా నిఘా కమిటీ నిర్ధారించింది. పిల్ల గడప దాటలేదన్న చిన్న లోపం తప్ప దర్యాప్తులో వంక పెట్టడానికేమీ లేదు.

పిల్ల పేరు సంతోషి. ఫోన్‌లో ఐదో తరగతి చదువుతోంది. నిన్న ఏం చేశారో ఇంగ్లీషులో చెప్పమని టీచరమ్మ అడిగింది. నిన్న దేశంలో ఎవరూ ఏమీ చేయలేదు. అయినా పాఠం పాఠమే కదా. సంతోషి గొంతెత్తి సాధన మొదలుపెట్టింది.

"ఐ వెంట్ టు మై అంకుల్స్ హౌస్. ఐ ఏట్ బిర్యానీ. ఐ సా ద సీ."

"ముందుగాల తినుడు, ఏం తిన్నవో ఎనుకనా?" తల్లి సారక్క అడిగింది. "మన దిక్కు బువ్వ ముందుగాల వస్తది."

"ఇంగ్లీషోళ్లది గట్లనేనమ్మా."

"ఉన్నోళ్లు బిడ్డా. దొరుకుతదో లేదోనన్న రంది లేదు."

పక్క గదిలోని కమిటీ అధ్యక్షుడు, కిరాణా కొట్టు నరహరి, గోడకు చెవి ఆనించి అంతా విన్నాడు. అది ఆయన విధి. గంటలోపే సంతోషి వాళ్ల తలుపుకు అడ్డంగా వెదురు బొంగులు కట్టించాడు. పద్నాలుగు రోజులు.

తండ్రి రాజనర్సు సాంచె మీద పనిచేస్తాడు. సోమవారం సాంచాలు నడుస్తాయనీ, రానివాడి సాంచె ఇంకొకడికి ఇచ్చేస్తాననీ సాంచాల యజమాని సేఠ్ కబురు పంపాడు.

"మేం యాడికీ పోలేదు నరహరన్నా. అది పాఠం."

"తెలుగుల ఎవడన్నా చెప్తడు రాజనర్సూ. పోరి ఇంగ్లీషుల చెప్పింది. అబద్ధమాడేటోడు గంత కష్టపడతడా?"

కమిటీ ఈ వాదనను ఏకగ్రీవంగా ఆమోదించింది. బిర్యానీ ఎవరు వండారో తేల్చడానికి ఉపసంఘం వేసింది.

సోమవారం పొద్దున రాజనర్సు వెనక కిటికీలోంచి దూకి సాంచె మీదికి పోయాడు. సాయంత్రం అదే కిటికీలోంచి లోపలికి దిగేసరికి, తనిఖీకి వచ్చిన కమిటీ బొంగుల అవతల నిలబడి ఉంది. రాజనర్సు జుట్టు నిండా దారపు పోగులు.

"పొద్దంత యాడున్నవ్?" నరహరి అడిగాడు.

రాజనర్సు నోరు తెరవబోయాడు. సారక్క అతన్ని పక్కకు నెట్టి కూతుర్ని ముందుకు తోసింది. "నువ్వు చెప్పు."

సంతోషి చేతులు కట్టుకుంది. "మై ఫాదర్ స్టేడ్ ఎట్ హోమ్. హి స్లెప్ట్. వి డిడ్ నాట్ గో ఎనీవేర్. వి డిడ్ నాట్ ఈట్ బిర్యానీ."

నరహరి కళ్లు చెమర్చాయి. బొంగులు విప్పించాడు. బిర్యానీ ఉపసంఘాన్ని బరువెక్కిన గుండెతో రద్దు చేశాడు. ఇకపై నిజాలను ఇంగ్లీషులో మాత్రమే స్వీకరిస్తామని ప్రకటించాడు.

వారం తిరక్కుండా కాలనీలోని మగవాళ్లంతా సంతోషి చేత వాంగ్మూలాలు చెప్పించుకున్నారు. సాంచాలన్నీ మోగుతున్నాయి. కమిటీ లెక్క ప్రకారం వాటిని నడిపేవాళ్లంతా ఇళ్లలో నిద్రపోతున్నారు.

చివరికి నరహరే బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని వచ్చాడు. కమిటీ సేవల మీద పై ఆఫీసుకు నివేదిక పంపాలట.

"కమిటీ ఏమేం చేసింది మామా?" సంతోషి అడిగింది.

"గదంత నీకెందుకు బిడ్డా. జరిగిపోయినట్టు రాయి, చాలు."

ఆ నివేదికకు ప్రశంసాపత్రం వచ్చింది. ఈ ఉదంతాన్ని కూడా ఇంగ్లీషులోనే రాయాల్సింది. తెలుగులో రాశాం కాబట్టి, మీరు దీన్ని కథ అనుకుంటారు.